డేల్ కోసం స్కీల మీద స్లెడ్

డిసెంబర్ 7, ఆదివారం

మళ్ళీ అదే అడిగారు. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర పాస్టర్ గారు తన చేత్తోనే నా పళ్ళెంలో కోడి ముక్క వేస్తూ — “జయరాజు గారూ, కొత్త సంవత్సరం మొదటి ఆదివారం కృతజ్ఞతా కూడిక పెడుతున్నాం. ఈసారైనా మీ సాక్ష్యం వినాలి. తప్పించుకోవద్దు.”

నా కన్నా ముందు మా ఆవిడ సుగుణ తల ఊపింది. “చెప్తారండీ. నేను చెప్పిస్తాను.”

సాక్ష్యం... నీళ్ళలో పడ్డ మనిషిని నేను లాగి బతికించానని.

ముక్క పళ్ళెంలోనే వదిలేశాను.

డిసెంబర్ 8

ఈ పేజీకైనా నిజం రాయాలి. దాదాపు పది నెలలు. ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

ఫిబ్రవరి చివరి శనివారం. చెరువు మీద ఐస్ అప్పటికే మెత్తబడింది, పైన బురదలాంటి మంచు. చేపలు పట్టడం అయిపోయి తిరిగొస్తున్నాం. పక్కింటి తెల్లాయన డేల్ ముందు నడుస్తున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. నడుముకి తాడు, తాడు వెనక మంచు మీద లాక్కెళ్ళే ప్లాస్టిక్ స్లెడ్, అందులో గుడారం, హీటర్, ఐస్‌కి కన్నం వేసే బర్మా, రెండు బకెట్లు. నేను ఇరవై అడుగులు వెనక. నా చేతిలో గాలాల సంచి ఒక్కటే. ఒడ్డు ఇంకా రెండొందల గజాలు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. డేల్ ఉన్నట్టుండి పొట్టిగా అయిపోయాడు, అంతే. ఛాతీ దాకా నీళ్ళు. ఒక్కసారి “జే” అన్నాడు. నన్ను అలాగే పిలుస్తాడు.

పరిగెత్తాను. అతని వైపు కాదు.

చుట్టూ తిరిగి ఒడ్డు వైపు. సంచి పారేసి. వెనక్కి చూడకుండా. బూటు కింద మట్టి తగిలాక అప్పుడు చూశాను. డేల్ పొట్ట మీద పాకుతున్నాడు. మెడలో వేసుకునే మేకులున్న రెండు చెక్క పిడులు ఐస్‌లో గుచ్చుకుంటూ, తనను తానే లాక్కుంటూ.

ఆ తర్వాత చేయాల్సినవన్నీ చేశాను. కారు హీటర్, నా కోటు, దుప్పటి, హాస్పిటల్. అతని తడి బట్టలు విప్పి విప్పి నా చొక్కా చేతులూ తడిసిపోయాయి. సుగుణ తన డ్యూటీలోంచి అలాగే నర్సు బట్టల్లో వచ్చింది. ఆ చేతులు పట్టుకుని “మీరే లాగారా?” అంది.

తల ఊపాను.

ఒక్క ఊపు. మరుసటి ఆదివారానికి చర్చి అంతా తెలిసిపోయింది.

డిసెంబర్ 13, శనివారం

డేల్ ఇంటి ముందు మంచు ఎత్తుతున్నాను. నీళ్ళలో పడ్డాక అతనికి వచ్చిన న్యుమోనియా తగ్గినప్పటి నుంచి ఇక్కడి మంచు అంతా నేనే ఎత్తుతున్నాను, నా వంతు కాని పక్కింటి కాలిబాటతో సహా. అతను కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“ఈ ఏడాది చెరువుకి వెళ్ళను, జే. భుజం ఆ బరువు లాగదు.”

వద్దనుకున్నా నోట్లోంచి వచ్చేసింది — స్లెడ్ చేసిస్తాను, స్కీల మీద, మంచులో జారడానికి కాళ్ళకి బిగించుకునే ఆ పొడుగు పట్టీల మీద. అడుగున నేలకి రాసుకోదు, బురదమంచులో కూరుకోదు, వేలితో లాగొచ్చు. ఇరవై రెండేళ్ళుగా కార్ల సస్పెన్షన్లు డిజైన్ చేస్తున్నాను, ఒక స్లెడ్ చేయలేనా.

కాఫీ కప్పుతో మా ఇంటి వైపు చూపించాడు. “నీ గరాజ్‌లో సుత్తి కూడా లేదు. నా గరాజ్‌లో చేద్దాం.”

నేను ఒక్కణ్ణే చేసి, అతని గుమ్మం ముందు పెట్టి వచ్చేద్దామనుకున్నాను. కానీ ఇప్పుడు పక్కపక్కన నిలబడి చేయాలి.

డిసెంబర్ 14

పాత సామాన్ల దుకాణంలో స్కీలు దొరికాయి. నీలం రంగు, నా భుజం దాకా ఎత్తు, ముక్కులు బాగా పైకి లేచి ఉన్నాయి. సుగుణ కారులో వాటిని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. “ప్రాణం కాపాడారు, ఇప్పుడు బండి కూడా చేసిస్తున్నారు. మీకు చెప్పుకోవడం చేతకాదు గానీ...”

రేడియో పెట్టాను.

డిసెంబర్ 20, శనివారం

మొత్తం రోజు డేల్ గరాజ్‌లో. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో అచ్చులు తయారుచేసే డై మేకర్‌గా చేసిన మనిషి, గోడ మీద ప్రతి పనిముట్టు చుట్టూ దాని ఆకారం గీసి ఉంటుంది. ఏది లేకపోయినా ఖాళీ కనపడుతుంది.

నేను కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగ్ తీసుకెళ్ళాను. మూడు పేజీలు. డేల్ కళ్ళజోడు పెట్టుకుని చూసి, తిప్పేసి, వెనక పెన్సిల్‌తో నాలుగు గీతలు గీశాడు. రెండు స్కీలు, ఒక్కో స్కీ మీద నిలువుగా రెండు దిమ్మలు, వాటి మీద అడ్డచెక్కలు, పైన ప్లాస్టిక్ టబ్. “ఇంతే కదా?”

ఇంతే.

బూట్లు బిగించే క్లిప్పులు విప్పడానికి గంట పట్టింది. దిమ్మలు స్క్రూలతో బిగించాను. పైన చేయి వేసి ఒక్క నొక్కు నొక్కాడో లేదో, ఎడమ వైపుది వేర్లతో సహా ఊడొచ్చింది. స్కీ లోపల కట్టె లేదు, నురగ లాంటిది. స్క్రూకి పట్టు దొరకలేదు. ఇంజనీరునన్న పేరేగానీ ఇది చూసుకోలేదు. చెవులు వేడెక్కాయి.

డేల్ గుండ్రటి తల ఉన్న పొడుగు బోల్టులు తీశాడు. స్కీ అడుగు నుంచి పైకి గుచ్చి, తల అడుగులోకి కూరుకునేలా చెక్కి, పైన వాషర్, నట్. ఇప్పుడు నేను ఎక్కి నిలబడినా కదలదు.

పని చేస్తున్నంతసేపూ మాటలు తక్కువ. ఇలా పట్టు. ఆ వైపు. ఇంకొంచెం. అతను స్పానర్ కోసం చేయి చాపినప్పుడల్లా అనుకుంటాను — ఇప్పుడు అడుగుతాడు.

అడగలేదు.

డిసెంబర్ 21

డేల్ గరాజ్ తలుపు పొద్దున్నుంచి తెరిచే ఉంది. వంటగది కిటికీ పరదా వేసుకున్నాను.

డిసెంబర్ 24

సుగుణ గులాబీ పువ్వులూ కజ్జికాయలూ డబ్బాలో పెట్టి ఇచ్చింది. డేల్ ఒక గులాబీ పువ్వు తీసి, తినకుండా వెలుతురుకి ఎత్తి చూశాడు. “దీని అచ్చు చూపించమను. ఈ అంచు ఇంత సన్నగా ఎలా వచ్చింది?”

ఇంటికొచ్చి చెప్పాను. సుగుణ మురిసిపోయి, అచ్చు పట్టుకుని తనే వెళ్ళింది. అరగంట తర్వాత వచ్చింది, ముఖం వెలిగిపోతూ.

“నాలుగో తారీఖున చర్చికి రమ్మన్నాను. వస్తానన్నారు. మీరు సాక్ష్యం చెప్పేటప్పుడు ఆయన అక్కడ ఉండాలి కదండీ.”

గోడకి చేరబడ్డాను. తను చూడలేదు.

డిసెంబర్ 27, శనివారం

మొదటి ట్రయల్. టబ్‌లో రెండు ఉప్పు మూటలు వేసి, డేల్ ఇంటి వెనక వాలు మీద. నిజంగానే వేలితో లాగొచ్చు. మంచు మీద గీతలు రెండే, సన్నగా, తిన్నగా. ఆ క్షణం సంతోషపడ్డాను, దాచడమెందుకు.

వాలు దిగేటప్పుడు స్లెడ్ వచ్చి నా మడమల్ని కొట్టింది. కూలబడ్డాను. డేల్ నవ్వాడు, అతని నవ్వు విని ఎన్నాళ్ళయిందో. తాడు పనికిరాదు, గట్టి కడ్డీ కావాలన్నాడు. కరెంటు వైర్లు పోనిచ్చే సన్నటి ఇనప గొట్టం తెచ్చాం.

నడుం బెల్టుకి మాత్రం ఒక కొక్కెం పెట్టాలని పట్టుబట్టాను. ఒక్క గుంజుకి విడిపోయే రకం.

“దేనికి అంత?”

“పోయినసారి నీ నడుముకి తాడు...”

 డేల్ గొట్టం చివర ఆకురాయితో రుద్దుతున్నాడు. రుద్దుతూనే, “అవును. చాకు లోపలి జేబులో ఉంది. వేళ్ళు పనిచేయలేదు. తాడు కోయడానికే చాలాసేపు పట్టింది” అన్నాడు.

ఆ రోజు గురించి అతని నోట మొదటి మాట. తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆకురాయి చప్పుడు.

చాలాసేపట. నేను ఒడ్డుకి చేరడానికి పట్టినంతసేపు.

జనవరి 1

చర్చిలో కొత్త సంవత్సరానికి బైబిల్ వాక్యం రాసి ఉండే వాగ్దానపు కార్డు తీశాను. చదవకుండా జేబులో పెట్టుకున్నాను.

జనవరి 2

ఈ రోజు సుగుణకి చెప్పేద్దామని ఆఫీస్ నుంచి ముందే వచ్చాను. తను ఆదివారానికి నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది. “తెల్లదే బాగుంటుంది కదండీ?” అంది.

బాగుంటుందన్నాను.

జనవరి 4, ఆదివారం

రాయడానికి చేయి రావడం లేదు. అయినా.

డేల్ టై కట్టుకుని వచ్చాడు. మూడో వరసలో సుగుణ పక్కన. నేను మైకు ముందు. కాగితం మీద రాసుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. అబద్ధం చెప్పకూడదు, నిజమూ చెప్పలేను — అందుకని రెండిటి మధ్యనుంచి దూరాను.

“ఆ రోజు నాలో ఏ ధైర్యమూ లేదు” అన్నాను. ఆమెన్ అన్నారు.

“నేను చేసింది ఏమీ లేదు. ఆయన బయటికి వచ్చారంటే అది దేవుడి కృప” అన్నాను. ఇంకా గట్టిగా ఆమెన్.

“నేను దీనికి తగను.” ఎవరో ముక్కు చీదుకున్నారు. పాస్టర్ గారు నా భుజం మీద చేయి వేసి, “చూశారా, ఎంత తగ్గింపు మనసో” అన్నారు.

చెప్పిన ప్రతి మాటా నిజం. ప్రతి నిజాన్నీ వినయం అనుకున్నారు. అనుకుంటారని తెలిసే చెప్పాను. తల ఊపడం కన్నా ఇది నీచం.

అంతసేపూ సుగుణ డేల్ చెవిలో ఇంగ్లీషులో చెబుతూనే ఉంది. నేను చెప్పింది మాత్రమే కాదు, నేను వదిలేసింది కూడా. డేల్ తల ఊపుతున్నాడు. నా వైపే చూస్తూ, నెమ్మదిగా.

భోజనాల దగ్గర నా పక్కకొచ్చి నిలబడ్డాడు. పళ్ళెం నిండా బిర్యానీ.

“తాడు విసిరి లాగావట.”

తాడు మాట నేను ఎవరితోనూ అనలేదు, నోటినోటా చేరింది.

“నాకు తాడు గుర్తులేదు” అన్నాడు. అని, పెరుగు చట్నీ ఎక్కడుందని ఒకామెను అడిగి అటు వెళ్ళాడు.

జనవరి 6

ఆఫీస్‌లో రివ్యూ. నా స్లైడ్ వచ్చినప్పుడు ఏం చెప్పానో గుర్తులేదు. ఇంటికొచ్చేసరికి డేల్ గరాజ్ తలుపు మూసి ఉంది.

జనవరి 8

మూసే ఉంది.

జనవరి 10, శనివారం

వెళ్ళాను. పక్క తలుపు తట్టాను. డేల్ స్కీలు తిరగేసి, పాత ఇస్త్రీ పెట్టెతో అడుగున మైనం కరిగించి పూస్తున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

నిలబడే చెప్పాను. “నేను పరిగెత్తాను, డేల్.”

“తెలుసు. నీ వీపు చూశాను.”

ఇస్త్రీ పెట్టె ఆగలేదు. కొసనుంచి కొసకి.

“మరి ఎందుకు అనలేదు?”

“అనాల్సింది నేనా?”

 అతను పెట్టె పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు. కోపంగా లేడు. కోప్పడితే బాగుండేది.

“పరిగెత్తినందుకు కాదు, జే. నువ్వు దగ్గరికొస్తే నువ్వూ పడేవాడివేమో. కానీ ఏప్రిల్‌లో వచ్చి చెప్తావనుకున్నాను. రాలేదు. ఎండాకాలంలో చెప్తావనుకున్నాను. నా గడ్డి కోసి పెట్టావు. చలికాలం వచ్చింది. చెక్కలు తెచ్చావు.”

గోడ మీద పనిముట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

“ఆదివారం నీ భార్య నా చెవిలో చెబుతుంటే ఆమె ముఖం చూశాను. నీ గురించి చెప్పేటప్పుడు ఆమెకి ఎంత సంతోషం. అది చూసి నేను కూడా తల ఊపాను. చర్చిలో కూర్చుని. డెబ్బై ఒక్క ఏళ్ళు నాకు.” ఆగాడు. “ఇంకోసారి ఊపను.”

క్షమించమని అడిగాను. విన్నాడు. “సరే, విన్నాను” అన్నాడు. క్షమించాననలేదు.

ఇస్త్రీ పెట్టె మళ్ళీ తీసుకున్నాడు. నేను వచ్చేశాను. మైనం వాసన ఇప్పటికీ చొక్కాకి ఉంది.

జనవరి 12, సోమవారం

సుగుణకి చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతోంది. మొదలుపెట్టాక ఆగకుండా చెప్పేశాను. పరుగు, మట్టి, మేకుల పిడులు, హాస్పిటల్ వరండా, తల ఊపడం.

కప్పు కింద పెట్టింది. 

“ఆయనకే చెప్పానండీ” అంది చివరికి. “ఆయన చెవిలో నోరు పెట్టి, ఆయన ఎలా బతికారో ఆయనకే చెప్పాను.”

చేతులతో ముఖం కప్పుకుంది. నేను దగ్గరికి వెళ్ళబోతే అరచేయి అడ్డం పెట్టింది.

“మీరు ఒక్కసారి తల ఊపారు. నేను పది నెలలు నోటితో చెప్పాను. మా అమ్మకి చెప్పాను. వార్డులో చెప్పాను. మీకు భయమేసిందంటే నేను ఏమనేదాన్ని? మీరే చెప్పండి, ఏమనేదాన్ని?”

ఏమీ అనేది కాదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ...

జనవరి 13

“అన్నం ఉంది.” “పాలు అయిపోయాయి.” ఈ రెండు మాటలే.

జనవరి 14

సాయంత్రం ఇంటి చెప్పులు మార్చుకోకుండానే సుగుణ డేల్ ఇంటికి వెళ్ళింది. ఒక్కతే. తెరిచిన పరదాలోంచి చూశాను. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది. డేల్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు కళ్ళు తుడుచుకుంటోంది.

నా మూలంగా తను వెళ్ళి క్షమాపణ అడగాల్సొచ్చింది. నేను ఈ ఇంట్లో సోఫా మీద కూర్చుని ఉన్నాను.

ఏమన్నాడని అడగలేదు. అడిగే ముఖం లేదు.

జనవరి 15

పాస్టర్ గారికి ఫోన్. ఆదివారం నాకు రెండు నిమిషాలు కావాలన్నాను.

“మళ్ళీ సాక్ష్యమా? మహా సంతోషం, జయరాజు గారూ. అందరూ ఇంకా మొన్నటిదే చెప్పుకుంటున్నారు.”

సాక్ష్యం కాదండీ, అన్నాను. మరేంటి అని అడిగారు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆదివారం చెప్తానన్నాను.

జనవరి 17, శనివారం

పొద్దున మంచు ఎత్తడానికి బయటికి వెళ్ళాను. డేల్ ట్రక్కు లేదు. గరాజ్ తలుపు ఎత్తి ఉంది, లోపల నేల మీద స్లెడ్ ఉండే చోటు ఖాళీ.

నన్ను పిలవలేదు. స్లెడ్ తీసుకెళ్ళాడు.

పార పట్టుకుని అలాగే నిలబడ్డాను. ముందు నొప్పి, తర్వాత భయం. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, ఆ ఊపిరితిత్తులతో, ఐస్ మీద ఒంటరిగా. నేను లేకుండా ఎలా వెళ్ళాడు అనుకున్నాను. ఆ ఆలోచన నాకే అసహ్యమేసింది. పోయిన ఏడాది మాత్రం ఎవరున్నారు అతనికి?

సుగుణ తలుపు దగ్గరికి వచ్చింది. శాలువా కప్పుకుని.

“ఒక్కరే వెళ్ళారా ఆయన?”

అవునన్నాను.

“మరి మీరు ఇక్కడ ఏం చేస్తున్నారు?”

మాటలో మెత్తదనం లేదు. అయినా ఐదు రోజుల్లో నా గురించి అడిగిన మొదటి ప్రశ్న. లోపలికి వెళ్ళి ఫ్లాస్కు తెచ్చి ఇంటి ముందు కారు పైన పెట్టింది. కాఫీ ఎవరికని చెప్పలేదు.

గంట డ్రైవ్. ఇది కారులో కూర్చుని రాస్తున్నాను, చెరువు గట్టు మీద. అప్పుడు ఆపిన చోటే. పోయిన ఫిబ్రవరి తర్వాత ఇటు రావడం ఇదే.

ఐస్ ఈసారి గట్టిది. పది పన్నెండు గుడారాలు, దూరంగా ఇద్దరు మనుషులు నవ్వుకుంటున్నారు. డేల్‌ని పోల్చడం కష్టం కాలేదు, అతని నడక నాకు తెలుసు. నీలం స్కీలు కనపడుతున్నాయి. వెనక స్లెడ్ అతని అడుగుకి తగ్గట్టు వస్తోంది, ఎక్కడా పట్టేయకుండా. నిటారుగానే నడుస్తున్నాడు. భుజానికి బరువున్నట్టు లేదు.

రేపటికి చెప్పాల్సింది ఈ కాగితం వెనక రాసుకున్నాను. మూడు వాక్యాలు. వినయం అనుకోవడానికి ఎవరికీ చోటు ఇవ్వని వాక్యాలు. రెండుసార్లు పైకి చదివాను. రెండోసారి ఎక్కడా ఆగలేదు. రేపు ఏమవుతుందో.

డేల్ ఆగాడు. గట్టు వైపు తిరిగాడు. నా కారు అతనికి తెలుసు.

కదలడు. నేనూ కదలను.

చేయి ఎత్తాడు. ఇప్పుడే. రమ్మన్నాడో, వెళ్ళిపొమ్మన్నాడో ఇంత దూరం నుంచి తెలియడం లేదు. ఎత్తిన చేయి ఇంకా దించలేదు.

బూట్లు వేసుకుంటున్నాను.